చూసింది చూసినట్టు

డిసెంబరు వచ్చిందంటే మా నాన్నకు వాడుకోని క్యాజువల్ లీవుల బెంగ పట్టుకునేది. నెలాఖరు దాటితే అవి మురిగిపోతాయి. ఆయన ప్రత్తిపాడు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఎనభైల మొదట్లో, నేను ఆరో తరగతిలో ఉండగా, మిగిలిన ఎనిమిది లీవులూ ఒకేసారి పెట్టి అమ్మనీ నన్నూ కనిగిరి దగ్గర మా పిన్ని అత్తగారి ఊరికి బయల్దేరదీశాడు. పిన్ని అంటే అమ్మ చెల్లెలు. పెళ్ళై ఏడాదే అయింది.

నాకు మాత్రం బడి ఉంది. నేను చదివేదీ నాన్న బడిలోనే కాబట్టి, నన్ను వెంటబెట్టుకుని హెడ్మాస్టారి గదిలోకి వెళ్ళాడు. "ఇక్కడ ఎనిమిది రోజుల్లో చెప్పే దానికన్నా ఎక్కువే నేర్పించి తీసుకొస్తానండీ. అంతా నోట్సులో రాయించి మీకు చూపిస్తాను" అని మాటిచ్చాడు. మాటిచ్చింది ఆయన, చావాల్సింది నేను.

అంత చదువుతో నిండిన సెలవులు పగవాళ్ళకు కూడా రాకూడదు. ఒంగోలు మీదుగా కనిగిరి దాకా, నల్లరేగడి ఎక్కడ అయిపోయిందో, ఎర్రనేల ఎక్కడ మొదలైందో బస్సులో కూర్చుని రాయాలి. మిరపతోట ఎక్కడ, పత్తిచేను ఎక్కడ, పొగాకు ఎక్కడ, అన్నీ విడివిడిగా రాయాలి. కునుకు పడితే చెవి మెలిపెట్టేవాడు. కనిగిరి కోట చూడ్డానికి వెళ్ళిన రోజు, కొండ ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో గడియారం లేకుండా అంకెలు లెక్కపెట్టి కొలవమన్నాడు. మిగతావాళ్ళు జామకాయలు కొరుక్కుంటూ కోట చూశారు. నాకు ఆ కోటలో గుర్తున్నవి అంకెలే.

అసలు శిక్ష సాయంత్రాలు. దీపాలు పెట్టే వేళకు పిన్ని అత్తగారూ మామగారూ, పిన్ని భర్త బాబాయీ వసారాలో చేరేవాళ్ళు. నేను నిలబడి ఆ రోజు రాసింది పైకి చదవాలి. 'ళ' ఉన్నచోట 'ల' పలికితే నాన్న మొట్టికాయ వేసేవాడు. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. రేడియో కట్టేసి మరీ వచ్చి కూర్చునేవాళ్ళు నన్ను వినడానికి. నవ్వనిది పిన్ని ఒక్కతే. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి, చేతిలో బెల్లం ముక్క పెట్టి, మాడు నిమిరి, "మీ నాన్నకి వేరే పనేం లేదా?" అనేది. ఆ ఇంట్లో నన్ను మనిషిగా చూసింది ఆవిడే.

ఆరో రోజు రాయడానికి ఏమీ దొరక్క కోడిపెట్టల గురించి రాశాను. నాన్న పుస్తకం లాక్కుని నేలకేసి కొట్టాడు.

"దేవుడు నీకు కళ్ళెందుకిచ్చాడే? చూసింది చూసినట్టు రాయమంటే అదీ చేతకాదు. మొద్దుని కన్నాను!"

"పోనీలెండి మేష్టారూ, ఆడపిల్లేగా. గరిటె తిప్పడం వస్తే చాలు" అంది పిన్ని అత్తగారు.

మళ్ళీ అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రేపు వీళ్ళందరి నోళ్ళూ మూయించి తీరాలనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అందరూ చేలోకి వెళ్ళారు. ఏరి తెచ్చిన పత్తి పోసిన గదిలో నేనూ పిన్నీ మిగిలాం. పిన్ని పత్తిలో ఎండాకు తీసేస్తూ, తన చిన్నప్పటి సంగతేదో చెబుతూ మధ్యలో ఆగిపోయింది. పక్కకి ఒరిగి పత్తి మీద పడింది. కళ్ళు తేలేసింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోటి నురగకి పత్తి అంటుకుంది.

నేను అరవలేదు. నీళ్ళు తేలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. నూట తొంభై దగ్గర ఆగింది.

చాలాసేపటికి లేచి కూర్చుని నా మొహం చూసింది. ఏం జరిగిందో ఆవిడకు అర్థమైంది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"నాకు చిన్నప్పట్నించీ మూర్చ ఉందే. మీ అమ్మకీ అమ్మమ్మకీ తప్ప ఎవరికీ తెలీదు. వీళ్ళకి తెలిస్తే నన్నుంచుకోరు తల్లీ. ఎవరికీ చెప్పకు. నా కాపురం నీ చేతిలో ఉంది."

నా చేయి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. చెప్పనన్నాను. చెప్పలేదు కూడా. రాశాను.

ఒట్టు చెప్పనన్నందుకే గానీ రాయనన్నందుకు కాదని, చిన్నతనం కొద్దీ అలా అనుకున్నానని చాలా ఏళ్ళు నన్ను నేనే నమ్మించుకున్నాను. అబద్ధం. నేను అప్పటిదాకా రాసిన వాటన్నిటికన్నా అది బాగా కుదిరింది. అందుకే చింపలేదు.

సాయంత్రం లేచి నిలబడి చదవడం మొదలుపెట్టాను. ముందు పత్తికాయ గురించి, గింజ గురించి. తర్వాత పిన్ని గురించి. రెండో వాక్యానికే అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి వద్దని తల ఊపింది. పిన్ని గోడకి ఆనుకుని నన్నే చూస్తోంది. ఇద్దర్నీ చూశాను. మిగతావాళ్ళనీ చూశాను. ఎవరూ నవ్వడం లేదు. నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"మా పిన్నికి మూర్చ వచ్చినది. నూట తొంభై అంకెల సేపు ఉన్నది" అని చదివాను.

"మూర్చ కాదే, మూర్ఛ! ఛ ఒత్తి పలకాలి" అంటూ నాన్న మొట్టడానికి చెయ్యెత్తాడు. అప్పుడు గానీ తను విన్నదేమిటో ఆయనకి తట్టలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

పిన్ని అత్తగారు కేకలు వేయలేదు. నా వైపు తిరిగి, ఎన్నడూ లేనంత ముద్దుగా, "ఏదీ బంగారం, ఆ ఆఖరి ముక్క మళ్ళీ ఒక్కసారి చదువు" అంది.

చదివాను. ఈసారి తప్పు లేకుండా పలికాను.

బాబాయి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి పిన్ని ట్రంకుపెట్టె వసారాలో ఉంది. సర్దింది ఆ అత్తగారే. "రోగం దాచిపెట్టి మా అబ్బాయికి అంటగట్టారు. నయమైతే కబురు పంపండి, చూద్దాం" అంది. ఆ కబురు పంపే రోజు ఎప్పటికీ రాలేదు. ఆవిడ ముందు నోరు మెదపని నాన్న, బస్సెక్కగానే అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "నా దగ్గర కూడా దాచావు, నా పరువు తీశావు" అని ఒంగోలు దాకా తిట్టాడు. నన్ను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. హెడ్మాస్టారికి చూపించాల్సిన నోట్సు ఆయన చేతిసంచిలో భద్రంగా ఉంది.

ఒంగోలులో బస్సు మారాం. నాన్న ముందు సీటులో కూర్చున్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని పిన్ని భుజం మీద చెయ్యి వేసింది.

"దాని మీద కోపం పెట్టుకోకే. చిన్నపిల్ల. తెలియక చదివింది."

ఊళ్ళోంచి బయల్దేరాక పిన్ని మొదటిసారి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. బెల్లం పెట్టినప్పటి చూపు కూడా కాదు.

"తెలిసే చదివిందక్కా" అంది. "రెండోసారి ఇంకా బాగా చదివింది."