తిట్లు పడాల్సిన గులాబీ కొమ్మ

కిరండూల్ రైల్వే కాలనీలో పైడమ్మ గులాబీకి ఎంత పేరో, ఆవిడ నోటికీ అంతే పేరు. ఇనప గనుల ధూళికి ఊళ్లో చెట్లన్నీ ఎర్రబారిపోతే, పైడమ్మ పొద్దున్నే ఆకు ఆకూ కడిగి, లేత రంగు పూలు విరగబూయించేది. కొమ్మ అడిగితే మాత్రం ఇచ్చేది కాదు. పిసినారితనం అనుకునేరు, కానే కాదు. అడిగి తెచ్చుకున్న కొమ్మ అంటుకోదట, దొంగిలించిందే అంటుకుంటుందట, అదీ చెట్టుగలావిడ కడుపారా తిడితేనేనట. అందుకని ఎవరైనా కొమ్మ విరుస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకుని, వాళ్లు గేటు దాటాక వీధి కుళాయి దగ్గర నిలబడి శాపనార్థాలు లంకించుకునేది. కాలనీలో ఏ పెరట్లో చూసినా ఆ గులాబీయే.

మొగుడు అప్పారావు ట్రాక్‌మన్‌గా రిటైరయ్యాడు. కొత్తవలసలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. వానలు పడగానే పైడమ్మ తన చెట్టు కొమ్మలు కోసి, కొసలకి పేడముద్దలు పెట్టి, సంచుల్లో గుచ్చింది. అన్నీ నల్లబడి చచ్చాయి. మళ్లీ గుచ్చింది, మళ్లీ అదే వరస. క్వార్టరు ఖాళీ చేసే రోజు ముంచుకొస్తోంది, ఆవిడకి అన్నం సయించడం లేదు.

"చెట్టునే తవ్వి పట్టుకుపోదాం" అన్నాడు అప్పారావు.

"ముసల్ది, రైల్లోనే పేణం పోద్ది. మన కొమ్మ మనం కోసుకుంటే దొంగతనం ఎలగవుద్ది? అందుకే అంటుకోడం నేదు."

పక్క వీధిలో జయరావు భార్య రత్నం ఇంట్లో ఉన్నది ఒకప్పుడు ఈ చెట్టు నుంచి దొంగిలించిన కొమ్మే. సాయంత్రం పైడమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి, వాళ్ల ప్రహరీ మీంచి వంగి ఓ మంచి కొమ్మ విరిచింది. వంటింటి కిటికీలోంచి చూసిన రత్నం నవ్వుకుంటూ బయటికొచ్చింది.

"లోపలికి రా వదినా, టీ తాగుదువుగాని. ఇంకో రెండు కోసిస్తాను."

పైడమ్మ చప్పున కొమ్మని వెనక్కి దాచుకుంది. "నీకు దండం పెడతాను, ఇవ్వకే. తిట్టు."

రత్నం పుట్టి బుద్ధెరిగి ఒకర్ని పల్లెత్తు మాట అన్న మనిషి కాదు. "నాకు రాదు వదినా."

"ఇన్నాళ్లూ నా నోరు ఇన్నావు, ఒక్క ముక్కైనా అబ్బనేదేటే?"

రత్నం గొంతు సవరించుకుంది. "నువ్వు... నువ్వేం మంచిదానివి కాదు. మమ్మల్నందర్నీ వదిలేసి పోతున్నావు" అని, అక్కడితో ఆపి భోరుమంది. పైడమ్మా ఏడ్చింది. ఏడుస్తూనే, ఈ మాత్రం తిట్టుకి గరిక కూడా మొలవదని బెంగపెట్టుకుంది.

తడి గోనెగుడ్డలో చుట్టిన కొమ్మని రైల్లో ఒళ్లోంచి దించలేదు. అప్పారావు పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. కొత్తవలసలో నూతి పక్కన నాటి, రోజూ దాని ముందు గొంతుక్కూర్చునేది. ఎన్నాళ్లు చూసినా ఉలుకూ పలుకూ లేదు. ఇక ఆశ వదులుకుందామనుకున్న పొద్దున, కణుపు దగ్గర ఎర్రగా చిగురు కనబడింది. పైడమ్మ చేతులైనా కడుక్కోకుండా ఫోను చేసింది.

"అంటుకుందే రత్నం. నీ తిట్టు సాల్దేమోనని హడిలి సచ్చాను."

"నాకూ అదే భయం వదినా" అంది రత్నం. "అందుకే నువ్వెళ్లిన దగ్గర్నుంచీ పొద్దున్నే లేచి, ముందు నిన్ను తిట్టి, తర్వాతే ప్రార్థనకి కూర్చుంటున్నాను."