పెంకుటిల్లు సమాధానం

మా మేనమామకు ఊపిరితిత్తుల పైపొరలో క్యాన్సర్ వచ్చింది. చాలా అరుదైనదని డాక్టరుగారు కాస్త గౌరవంగానే చెప్పారు. అది మావయ్య పనిచేసిన కార్ఖానాలోని ఆస్‌బెస్టాస్ వల్లే వచ్చిందని డాక్టరుగారు రాసిస్తేనే కోర్టులో మా నష్టపరిహారం కేసు నిలబడుతుంది.

“ఆస్‌బెస్టాస్ దగ్గర ఎప్పుడైనా ఉన్నావా?” అని ఆయన హిందీలో అడిగారు.

మావయ్యకు తెలిసిన ఆస్‌బెస్టాస్ ఇంటి పైకప్పు రేకు ఒక్కటే. “లేదు సాబ్, మాది పెంకుటిల్లు,” అన్నాడు కొంచెం గొప్పగా. కేసు అక్కడికక్కడే ముగిసేలా ఉంది.

“మావా, ఆవిరి గొట్టాలకి ఏటి చుట్టేవోడివి?” అన్నాను.

“రూయి. మెత్తటి దూదిరా. చలికాలం దానిమీదే తొంగునేవోళ్లం. దాన్నేటీ అనకు.”

కార్ఖానాలో అందరూ రూయి అనే ఆ దూదే ఆస్‌బెస్టాస్ అని చెప్పాను. మావయ్య చాలాసేపు దగ్గాడు. “అయితే ఉన్నాను సాబ్. అన్నం కూడా దాని పక్కనే తిన్నాను.”

ఎప్పటినుంచి అని డాక్టరు అడిగారు. గుర్తుచేసుకునే ఓపిక మావయ్యకు లేదు.

“మీ అత్తనడుగు. పెళ్లైన కాణ్ణించీ నా చొక్కాలకంటిన రూయి దులపలేక చస్తన్నానని తిడతానే ఉంది,” అన్నాడు.

ఆ మాట నేను హిందీలో చెప్పగానే డాక్టరు రాయడం ఆపి, ఆవిడను కూడా తీసుకురమ్మన్నారు. సాక్ష్యానికేనని మావయ్య అనుకున్నాడు.