కొత్తపేటలో ఆగిన బస్సు

మంగళవారం, పగలు పదకొండున్నర. తెలంగాణ కోసం కొత్తపేట నడిరోడ్డు మీద వంటావార్పు. మా ఎల్‌బీ నగర్ బస్సు జనం మధ్య ఇరుక్కుపోయింది. పక్కసీటు అమ్మాయి ఒడిలోని డబ్బాను గట్టిగా పట్టుకుంది.

“ఏంది బిడ్డా అది?”

“గర్భసంచి మూతి దగ్గర తీసిన ముక్క, మామ్మగారూ. అందులో ఏదో ప్రోటీన్ ఉందో లేదో చూస్తే క్యాన్సరయ్యేదో మానేదో తెలుస్తుందంట. ల్యాబు ఈ ముందు సందులోనే, పన్నెండింటికి మూస్తారు. ఇవాళ ఇవ్వకపోతే ఆపరేషన్ రోజుకి ఆ జవాబు రాదు, గర్భసంచి తీసేస్తారు. నాకింకా పిల్లల్లేరు.”

“దిగి నడువు మరి.”

“నా ఆంధ్రా యాస వింటే పోనిస్తారా?”

“నోర్మూసుకొని నా ఎన్క రా.”

పొయ్యి దగ్గరామె ఆపింది. “ఏడికి?”

“ల్యాబుకండి,” అనేసింది అమ్మాయి. ఆ ‘అండి’తోనే యాస బయటపడింది.

ఆమె డబ్బా వంక చూసి, గరిటెతోనే ముందు నడిచింది. “జరుగుండ్రి! పిల్ల పరేషాన్‌ల ఉన్నది.”

పిల్ల జనం దాటి ల్యాబు వైపు పరుగెత్తాక నేను తిరిగొచ్చి సాయంత్రం దాకా ఆ బస్సులోనే కూర్చున్నాను. జవాబు ఏమొచ్చిందో తెలియదు. అరవై ఏళ్లకు అక్షరాలు నేర్చాను గనుక ఆనాటివాళ్ల పేర్లు రాసిపెడుతున్నాను: డ్రైవరు యాదయ్య, గరిటె పట్టిన లచ్చమ్మ, నేను సత్తెమ్మ, నేను పేరు అడగడం మరిచిన ఆ పిల్ల.