కుడి పక్క మీటల మీద రుమాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎడమ చెయ్యి అంటే లేని చెయ్యి కిందే లెక్క. దాంతో ఎవరికైనా ఏదైనా అందిస్తే మా నాయనమ్మ ఆ వస్తువు మళ్లీ కింద పెట్టించి, కుడి చేత్తో ఇప్పించేది. ఇక అన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా ఖరగ్‌పూర్ వచ్చిన మనిషి, రైల్వే వాళ్ల ట్రాఫిక్ కాలనీలో ఉంటూ బెంగాలీ నేర్చుకుంది, హిందీలో బేరాలాడడం నేర్చుకుంది, ఈ ఒక్క విషయంలో మాత్రం మెట్టు దిగలేదు.

అలాంటి ఇంట్లో మా నాన్నకి కుడి చెయ్యి పోయింది. యార్డులో వ్యాగన్లు కలిపే పని ఆయనది. ఒకరోజు రెండు వ్యాగన్ల మధ్య చెయ్యి నలిగింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి చొక్కా కుడి చెయ్యి పైకి మడిచి పిన్ను పెట్టి ఉంది. నేను ఆ పిన్నుకేసి చూస్తూ గుమ్మంలోనే కొయ్యబారిపోయాను. ఆ చెయ్యి ఎక్కడ వదిలేసి వచ్చావని అడగాలనిపించింది.

అంతకన్నా ఎక్కువ భయం ఆ తరవాత వేసింది. నాన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ కలిపి నోట్లో పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఎడమ చేత్తో టైపు కొట్టడం నేర్చుకుంటే ఆఫీసులో కూర్చోబెడతామని పైవాళ్లు కబురు చేశారు. లేదంటే ఉద్యోగమూ పోతుంది, ఉంటున్న క్వార్టరూ పోతుంది. నేర్చుకోవాలంటే ముందు ఆ చెయ్యి దుప్పట్లోంచి బయటికి తియ్యాలి కదా. నాన్న తియ్యలేదు.

గోడకి అవతలి క్వార్టర్లో ఒక అక్క ఉండేది. ఖరిదా బజారులో టైపు నేర్చుకుని, ఉద్యోగం కోసం ఇంట్లో సాధన చేస్తుండేది. ఒక సాయంత్రం తన పాత టైపు మిషను రొప్పుతూ మోసుకొచ్చి, మా ముందుగదిలో నాన్న మంచం పక్కనున్న బల్ల మీద పెట్టింది. కుడి పక్క మీటల మీద రుమాలు కప్పి ఉంది.

"మీ కిటికీ కాడ ఎలుతురు బాగుంటాదని తెచ్చినానే గుంటా. ఈ పక్క మీటలు పాడైపోయినాయి. మిస్త్రీ వచ్చేదాకా ఎడం పక్క అక్షరాలే దిక్కు. వాటితోనే వచ్చే పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు నువ్వే ఎతికి పెట్టాల" అంది.

నాకు అంతకన్నా ఏం కావాలి? డిక్షనరీ ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. రాత్రికి అక్క మిషను వెనక్కి పట్టుకెళ్లి, మర్నాడు సాయంత్రం మళ్లీ మోసుకొచ్చేది. అది తేలిక పని కాదని అప్పుడు తెలిసింది. ఐ, ఓ, యూ మూడూ రుమాలు కిందే ఉండిపోయాయి. మాట పొడుగయ్యేకొద్దీ ఏదో ఒక అక్షరం రుమాలు కిందికి దూరిపోయేది. వాటర్, గ్రేట్ లాంటి పొట్టి మాటలతో అక్కకి తృప్తి లేదు, ఇంకా పొడుగుది కావాలనేది.

ఒకరోజు 'గ్రాడ్యుయేట్' దొరికిందని గంతులేశాను. "అందులో యూ ఉంది" అన్నాడు నాన్న, గోడవైపు నుంచే. ఇంట్లో అందరం ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం. ఆయన గొంతు విని ఎన్నాళ్లయిందో. కాసేపటికి మళ్లీ ఆయనే, "ఎగ్జాజరేటెడ్ కొట్టమను. రివర్బరేటెడ్ కూడా వస్తాది" అన్నాడు. చిన్నప్పుడు క్రైస్తవ మిషనరీల బడిలో చదివిన ఇంగ్లీషు అది, ఇన్నాళ్లూ యార్డులో దానితో పని పడలేదు. ఆ రోజు నుంచి వెతకడం మా ఇద్దరి పనీ అయింది. రెడ్ క్యాబేజ్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అంటూ రెండేసి మాటలు కలిపి కూడా చెప్పేవాడు. ఈస్టర్ అంతా ఎడమ పక్కే ఉందంటే, ఆదివారం చర్చి తప్పని మా నాయనమ్మ నమ్మలేక, మిషను దాకా వచ్చి తొంగి చూసి వెళ్లింది.

'స్టివార్డెసెస్' దొరికిన సాయంత్రం అక్క చేతులు దులుపుకుంటూ, "నా ఏళ్లు పీకుతన్నాయి బాబాయ్, ఇది నువ్వే కొట్టు" అంది. దుప్పట్లోంచి నాన్న ఎడమ చెయ్యి బయటికొచ్చింది. ఒక్కో మీటా వెతుక్కుంటూ ఆ మాట పూర్తి చేశాడు.

మర్నాడు సాయంత్రం టైపు మధ్యలో కొళాయి వచ్చిందని అక్క బిందె పట్టుకుని పరిగెత్తింది. మిషను మా ఇంట్లోనే ఉంది. ఉత్తినే రుమాలు ఎత్తి ఒక మీట నొక్కాను. ఠక్కున కాగితం మీద ఓ పడింది. ఇంకోటి నొక్కాను, అదీ పడింది. ఇన్నాళ్లూ నన్ను ఆడించిందా అక్క? "నాన్నా, ఇవి పాడవ్వలేదు" అన్నాను.

నాన్న మొహంలో ఆశ్చర్యమే లేదు. "తెలుసు. పొద్దున నువ్వు బడికెళ్లినాక గోడ అవతల రెండు సేతుల్తో టకటకా కొడతాది. నాకు ఇనపడదేటి?" అన్నాడు.

"మరి తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"రోజూ అంత బరువు మోసుకొస్తంది ఆ పిల్ల. నువ్వేమో డిక్షనరీ ఏసుకుని నాకేసే సూస్తన్నావు. ఏటని సెప్పను?" అని, ఆ కాగితం తీయించి కొత్తది పెట్టించాడు. "రుమాలు కప్పేయమ్మా, అక్క వచ్చేత్తాది."

ఆ పూట అమ్మ అన్నం కలపబోతే నాన్న పళ్లెం తనవైపు లాక్కుని, ఎడమ చేత్తో ముద్ద తీశాడు. మెతుకులు చొక్కా మీద రాలాయి. నేను నాయనమ్మకేసి చూశాను. ఆవిడ లేచింది. కుడివైపున్న మంచినీళ్ల గ్లాసు తీసి ఎడమవైపు పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాన్న ఆఫీసులో టైపు కొడుతూనే రిటైరయ్యాడు. రుమాలు సంగతి మాకు తెలుసని అక్కకి చివరిదాకా చెప్పలేదు.

ఇప్పుడు నాకు చూపు బాగా తగ్గింది. పేపరు చదవలేకపోతున్నానని ఎవరితోనూ అనలేదు. రోజూ పొద్దున్నే మా మనవరాలు పేపరు తెచ్చుకుని నా పక్కన కూర్చుంటుంది. గట్టిగా చదవడం అలవాటు చేసుకోమని నిన్న కూడా బళ్లో చెప్పారట. బడికి సెలవులిచ్చి పది రోజులైందని నాకు తెలుసు. "ఠీక్ హై, చదువమ్మా" అంటాను.