ముక్కుకి రిటైర్మెంట్

మా ఇంట్లో వెల్లుల్లికి శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకానే ప్రవేశం. ఆ తరవాత ఉల్లి, ఇంగువ, ఆవకాయ అన్నీ మూతలు బిగించుకుని గరాజ్‌లోకి పోవలసిందే. మడీ ఆచారమూ అనుకునేరు, అదేం కాదు. మా ఆయన ముక్కు. న్యూజెర్సీలో తినే వస్తువులకి వాసనలు తయారుచేసే కంపెనీలో ఆయన కెమిస్టు. సీసాలో పండు లేకపోయినా పండు వాసన వస్తుంది చూడండి, అది ఆయన చలవే. ఒకసారి ఆదివారం రాత్రి వెల్లుల్లి కారం తిని వెళ్తే, సోమవారం పొద్దున పక్క బల్ల దగ్గర పనిచేసే ఆయన లేచి వెళ్ళి కిటికీ తెరిచాడట. ఆ రోజు నుంచి నా వంటిల్లు కూడా ఆ కంపెనీ కిందే పనిచేయడం మొదలుపెట్టింది.

పంతొమ్మిది వందల ఎనభైల్లో మా ఊరు పిస్కాటవే చుట్టుపక్కల ఎవరింట్లో విందయినా మగవాళ్ళ మాటలన్నీ రిటైర్మెంట్ మీదే. ఫ్లోరిడాలో కాండో చూశానని ఒకరు, హైదరాబాద్‌లో స్థలం కొన్నానని ఇంకొకరు. ఆడవాళ్ళ ప్లాన్ ఏమిటని ఎవరైనా అడిగితేగా. నాకు ఫ్లోరిడా వద్దు, స్థలమూ వద్దు. ఆయన రిటైరైన మర్నాడు, అది మంగళవారమైనా సరే, పొద్దున్నే దండిగా ఉల్లిపాయలు వేసి పెసరట్టు, మధ్యాహ్నం వెల్లుల్లి తాలింపుతో గోంగూర, రాత్రికి ఇంగువ ఘుమఘుమలాడే పులిహోర. ఆ వంట నేను మనసులో ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు.

అప్పటికి మా అమ్మాయి హైస్కూల్లో ఉంది. "డాడీ రిటైర్ అయితే నా క్లోత్స్ అన్నీ స్మెల్ వస్తది మమ్మీ. నేను ఫార్ అవే కాలేజ్‌కి అప్లై చేస్తాను" అని బెదిరించేది.

ఆ రోజుల్లో మా ఆయన మామిడిపండు మీద పడ్డారు. ఏదో కూల్‌డ్రింకు కోసం మామిడి వాసన తయారుచేయాలి. ప్రతి శుక్రవారం సన్నటి కాగితపు ముక్కల మీద దాన్ని అద్ది, సీసాలో పెట్టి తెచ్చేవారు. నేను పొయ్యి వెలిగించకముందే వాసన చూసి చెప్పాలి. "ఇది మామిడి కాదు, సబ్బు" అనేదాన్ని. ఇంకో వారం "మామిడే కానీ కుళ్ళడానికి సిద్ధంగా ఉంది" అనేదాన్ని. నేను పెదవి విరిచినకొద్దీ ఆయన మొహం వెలిగిపోయేది. నేనన్న మాట పట్టుకుని లాబ్‌కి వెళ్ళి, మళ్ళీ శుక్రవారానికి ఇంకోటి చేసుకొచ్చేవారు. జీతం ఇవ్వడం మానేసినా ఈ మనిషి అక్కడికే వెళ్తారని నాకు అనుమానంగా ఉండేది.

అంతలో ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుంది. యాభై అయిదు దాటినవాళ్ళు ఇప్పుడే వెళ్ళిపోతామంటే పెన్షన్ పూర్తిగా ఇస్తామన్నారు. నెలాఖరులోగా చెప్పాలి. మా ఆయనకి అప్పుడే యాభై అయిదు దాటాయి. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"ఇంకా ఆలోచిస్తారేమండీ, హాయిగా వచ్చేయండి" అన్నాను.

ఆయన "ఊఁ" అన్నారు. ఆయన ఊఁ అన్నారంటే ఒప్పుకున్నట్టు కాదు, ఇక మాట్లాడకు అని. నేను పోరుతూనే ఉన్నాను, ఆయన ఊఁ కొడుతూనే ఉన్నారు.

నెలాఖరు ఇంకా రాకముందే, ఒక గురువారం సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "పొద్దున బాస్‌కి యెస్ చెప్పేశాను. రేపటిదాకా ఎందుకు, ఇవాళే తాలింపు పెట్టుకో. ఇంక ఈ ముక్కుతో ఏం పని" అన్నారు.

నేను సంబరంగా గరాజ్‌లోంచి వెల్లుల్లి తెచ్చుకుని ఒలవడం మొదలుపెట్టాను. నాలుగు రేకలు ఒలిచానో లేదో, "మరి మామిడి?" అన్నాను.

"కొత్తగా చేరిన కెమిస్టుకి ఇస్తారు."

"అతనెప్పుడైనా మామిడిపండు తిన్నాడా?"

"డబ్బాలోది తిన్నాడట."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నన్నొక్క మాట అడగకుండా యెస్ చెప్పేయడమేమిటండీ" అన్నాను.

ఆయన తెల్లబోయారు. "రోజూ వచ్చేయమన్నది నువ్వే కదా. నా ముక్కు కోసం ఇన్నాళ్ళూ చప్పిడి కూడు తిన్నావు. ఇంకెంతకాలం తింటావని, నీ కోసమే ఒప్పుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. రిటైరయ్యేది ఆయనొక్కరే అనుకున్నాను. రేపటి శుక్రవారం ఆయన వట్టి చేతులతో వస్తారని, వచ్చే శుక్రవారమూ అంతేనని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి వెల్లుల్లి.

"ఆ మామిడి ఇంకా పూర్తికాలేదు. పండుకి ముచ్చిక తీసినప్పుడు సొన వాసన వస్తుందే, ఘాటుగా, అది లేదందులో. అది పడేదాకా నేను ఒప్పుకోను" అన్నాను.

ఆయన "సొన" అన్నారు. ఆ మొహంలో మళ్ళీ వెలుగు. విప్పిన బూట్లు మళ్ళీ తొడుక్కుని, బాస్ ఇంకా ఆఫీస్‌లోనే ఉంటాడంటూ కారెక్కి వెళ్ళిపోయారు.

తిరిగొచ్చేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను.

"మార్చుకోనిచ్చారా?"

"ఇచ్చారు. ఎందుకు మనసు మారిందని బాస్ అడిగాడు. మా ఆవిడ మామిడి ఇంకా కుదరలేదంటోంది అన్నాను."

"దానికేమన్నాడు?"

"మీరు ఎప్పుడు రిటైరైనా ఫరవాలేదు, ఆవిడ అయ్యేటప్పుడు మాత్రం మాకు ముందుగా చెప్పండి అన్నాడు."

"మీరేం చెప్పారు?"

"తను ఇప్పట్లో అవదని చెప్పి వచ్చాను."