నూట ఎనిమిది ప్రదక్షిణలు

మావయ్య ఆపరేషన్ బాగా జరిగిందని మొక్కు తీర్చడానికి అత్తయ్యతో దివిసీమలో కృష్ణ ఒడ్డునున్న పాత శివాలయానికి వెళ్లాను. వరద రోజులు. నీళ్లు రేవు పైమెట్టు దాకా ఉన్నాయి. అత్తయ్య నలభై ప్రదక్షిణలు చేసేసరికి ఎర్రటి నీళ్లు ధ్వజస్తంభం దగ్గరికి వచ్చేశాయి.

“అత్తయ్యా, వెళ్లిపోదాం రండి!”

“నూట ఎనిమిది మొక్కుకున్నానే. మధ్యలో ఆపకూడదు.”

చెయ్యి పట్టి లాగినా కదల్లేదు. అంతలో పూజారిగారు గుడికి తాళం వేసి వచ్చారు.

“మిగతావి నేను స్వామికి చెప్పుకుంటానమ్మా. ముందు మీరు కరకట్ట ఎక్కండి.”

ఆ మాటకు అత్తయ్య కదిలారు. మోకాలి లోతు నీళ్లలో, కాలికింద నేల ఉందో లేదో తెలియక, ముగ్గురం చేతులు పట్టుకుని నడిచాం. కట్ట ఎక్కాక కూడా అత్తయ్య నా చెయ్యి వదల్లేదు.