వెండెల్ టార్‌బాక్స్ చెవులు

“ఇక్కడేం లేదు. ముందొచ్చినవాళ్లు ఊడ్చుకుపోయారు” అని పోర్ట్‌లాండ్ నుంచి వచ్చిన మనిషి తేల్చేశాడు.

పొద్దున్నుంచీ అతను ఆల్మీడా గ్రిండిల్ ఇంటి వెనక అడవిలో, రెండువందల ఏళ్ల కిందటి ఇంటి తాలూకు నేలమాళిగ గుంతలో దిగి తవ్వుతున్నాడు. చేతిలో నేలలోని లోహాన్ని పసిగట్టే కొత్త డిటెక్టర్, కాళ్లకు కొత్త బూట్లు. దొరికింది తుప్పు మేకులు.

గట్టు మీద కూర్చుని రొట్టె తింటున్న వెండెల్ టార్‌బాక్స్ నోరు ఖాళీ చేసుకుని అన్నాడు. “నాణెం ఎక్కడ పారేసుకుంటావు అబ్బాయ్? బంగాళాదుంపలు దాచే నేలమాళిగలోనా, గుమ్మం ముందరా?”

“ఇల్లే లేదు. గుమ్మం ఎక్కడుందో మీకెవరు చెప్పారు పెద్దాయనా, దయ్యాలా?”

“లైలాక్ చెప్పింది.”

ఆ ప్రాంతంలో ఏ ఇల్లాలైనా గుమ్మం పక్కన లైలాక్ పూలపొద నాటేది. ఇల్లు కూలి మట్టిలో కలిసినా పొద బతుకుతుంది. వెండెల్ లేచి, పొదకు నాలుగడుగుల దూరంలో తన పాత డిటెక్టర్‌ను ఊపి, పావుగంటలో పెద్ద రాగి సెంటు నాణెం పైకి తీశాడు. పోర్ట్‌లాండ్ మనిషి దాన్ని లాక్కుని బొటనవేలితో మట్టి రుద్దబోయాడు. వెండెల్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

“రుద్దకు! మట్టితోపాటు బొమ్మ కూడా ఊడొస్తుంది.”

ఆ మనిషి జేబులో అంతకుముందు ఎక్కడో దొరికిన మూడు సెంట్లు ఉన్నాయి. మూడూ బొత్తాల్లా నున్నగా అరిగి ఉన్నాయి. అతను వాటిని బయటికి తీసి చూసుకున్నాడు. తన గుంటలు తెరిచిపెట్టే వెళ్లిపోయాడు. వాటిని కూడా వెండెలే పూడ్చి, పైన పచ్చిక గడ్డలు సర్దాడు.

చేతులు కట్టుకుని ఇదంతా చూసిన ఆల్మీడా, “తవ్వే మగాళ్లని చాలామందిని చూశాను. పూడ్చేవాణ్ణి నిన్నే చూశా. ఎప్పుడైనా రా” అంది.

ఆ తర్వాత పదకొండేళ్లపాటు వెండెల్ ఏటా వచ్చాడు. మంచు కరిగాక, ఫెర్న్ మొక్కలు లేచి నేలను కప్పేయకముందు ఉండే ఆ కొద్ది వారాలే ఇలా తవ్వేవాళ్లకు పని. వెండెల్ బతుకంతా బడి బస్సు నడిపాడు. పెళ్లాం పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేకపోయింది. దొరికినవన్నీ గుడ్ల అట్టపెట్టెల్లో, గూటికొకటి చొప్పున పెట్టుకునేవాడు. ఎవరి నేలలో తీసినా మంచిది ఒకటి వాళ్ల చేతిలో పెట్టేవాడు. ఆల్మీడా వంటింటి కిటికీలో రెండు బూటు బకిల్సు, కుట్టుపనికి పెట్టుకునే ఒక వేలితొడుగు అలా చేరినవే. ఆమె వాటిని ఏనాడూ మెచ్చుకోలేదు, పారేయనూ లేదు.

రెండేళ్లుగా అతనికి వెండి దొరకలేదు. దుకాణంలో కాఫీ దగ్గర చేరే మగాళ్లు, “నేల అయిపోయిందా, వెండెల్ అయిపోయాడా?” అని నవ్వేవారు. అతను డిటెక్టర్ బ్యాటరీలు మార్చాడు. కర్ర చివరి పళ్లేన్నీ మార్చాడు. చివరికి నేల అయిపోయిందనే చెప్పాడు.

ఈ వసంతంలో ఆల్మీడా ఆ అడవిలో కలప అమ్మేసింది. దారి బురద ఆరగానే లారీలు దిగి గుమ్మాన్నీ గుంతనూ కలిపి తొక్కేస్తాయి. మహా అయితే మూడు వారాలు. వెండెల్ రోజూ వస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె అతనికి ఉడికించిన బీన్సు తీసుకుపోయింది. కొమ్మకు తగులుకుని హెడ్‌ఫోన్ల తీగ ఊడిపోవడంతో డిటెక్టర్ బయటికే మోగుతోంది. ఇనుము మీద గుర్రుమంటోంది. లైలాక్ వేరు దాటుతూ ఒకచోట సన్నగా, పిట్టపిల్లలా కూసింది. వెండెల్ ఆగకుండా ముందుకు పోయాడు.

“అదేంటి, ఆగవేం?”

“దేనికి?”

“పిట్టలా కూసిందిగా!”

“ఏ పిట్ట?”

ఆమె మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది. అది మళ్లీ కూసింది. అతను నేలవైపు కాదు, ఆమె ముఖంవైపు చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని జానెడు లోతు తవ్వాడు. గోరంత స్పెయిన్ వెండి నాణెం, ఆ కాలంలో ఇక్కడా చెల్లినది, తెల్లగా.

సంతోషించలేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని డిటెక్టర్ ఆపేశాడు.

“ఇనుము వినపడుతోంది, రాగి వినపడుతోంది. వెండిది సన్న గొంతు” అన్నాడు. “మిల్లు దిగువ చోటు, చర్చి వెనక చోటు, అన్నీ ఖాళీ అని చెప్పేశాను ఆల్మీడా. దుకాణంలో అందరూ నా మాట నమ్మారు.”

“చెవుల డాక్టరు దగ్గరికి పోవయ్యా.”

“జూలైదాకా ఖాళీ లేదట. నీ లారీలు ఆగుతాయా?”

“ఆగవు. సంతకం పెట్టేశాను.”

అతను తీగను మళ్లీ గుచ్చి, హెడ్‌ఫోన్లు తీసి ఆమెకు అందించాడు.

“రేపట్నుంచి ఇవి నువ్వు పెట్టుకో. నేను ఊపుతాను, నువ్వు నా వెనకే నడువు. పిట్ట కూస్తే భుజం మీద తట్టు. దుకాణంలో ఎవడైనా అడిగితే, నీకూ నాకూ ఏదో నడుస్తోందని చెప్పు. చెవుల సంగతి మాత్రం చెప్పకు.”